పాత కార్ల బానెట్ బందులు: మార్చడం, కుదర్చడం

ఇంజన్ మీది మూతను కారు బాడీకి కట్టి ఉంచే కీలును బానెట్ బందు అంటారు. మెకానిక్ షెడ్లలో దీన్ని హింజ్ అంటారు. తెలంగాణ పల్లెల్లో కబ్జా అంటే తెలుస్తుంది, నాందేడ్ జిల్లా మరాఠీలో బిజాగరి. కారుకు మామూలుగా ఎడమకు ఒకటి, కుడికి ఒకటి ఉంటాయి. బానెట్ బరువు మోయడం, తెరిచినా మూసినా అది ఒకే దారిలో కదిలేలా చూడటం, మూసిన ప్రతిసారీ అదే చోట కూర్చోబెట్టడం, వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలికి లేవకుండా లాక్‌తో కలిసి పట్టి ఉంచడం వీటి పనులు. అరచేతిలో పట్టే ఇనుప ముక్కలకు ఇది చిన్న బాధ్యత కాదు.

పాత కారుకు కొత్త రంగు వేయించి, బంపర్లకు క్రోమ్ పట్టించి, సీట్లు కుట్టించాక కూడా చూసేవాళ్ల కన్ను ముందుగా పడేది బానెట్ చుట్టూ ఉన్న సందు మీదే. ఒక పక్క మూడు మిల్లీమీటర్లు, ఇంకో పక్క తొమ్మిది ఉంటే ఎంత ఖరీదైన రంగైనా వెలవెలబోతుంది. ఆ సందు ఎలా ఉండాలో ప్రధానంగా తేల్చేది బందే. అందుకే పాత బండ్ల పనిలో బందు మార్చడం అరగంట పని, దాన్ని కుదర్చడం మాత్రం రోజంతా పట్టే పని.

నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో, ఆదిలాబాద్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న సర్ఖని లాంటి ఊళ్లలో ఈ పని స్వభావం బాగా అర్థమవుతుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా కిన్వట్ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాతోనే ఉండేది. ఆ తర్వాత బండ్ల నంబర్లు వేరయ్యాయి. నాందేడ్ వైపు ఎంహెచ్ 26, ఆదిలాబాద్ వైపు అప్పట్లో ఏపీ 01 వచ్చాయి. దుమ్ము, ఎండ, వాన మాత్రం రెండు వైపులా ఒకటే. వేసవిలో నలభై డిగ్రీలు దాటే వేడికి పాత కార్ల రేడియేటర్లు మరిగేవి. నిర్మల్ దాటి ఉత్తరానికి మహబూబ్ ఘాట్ ఎక్కిన బండికి పైకి చేరాక బానెట్ ఎత్తి కాసేపు చల్లార్చుకోవడం తప్పేది కాదు. చల్లటి దేశంలో నెలకోసారి తెరిచే మూతను ఇక్కడ రోజుకు రెండుసార్లు తెరిచారు. తెరిచిన ప్రతిసారీ బందు తిరిగే పిన్ను చుట్టూ కాస్త దుమ్ము చేరింది, గ్రీజుతో కలిసి సానరాయి పిండిలా అరగదీసింది. మన దగ్గర మిగిలిన పాత కార్లలో బందులు ఇంజన్ కంటే ముందే అరిగిపోయి కనిపించడానికి ఇదే పెద్ద కారణం.

అన్ని కార్లకూ బందు ఒకే చోట ఉండదు. తొలినాటి కార్లలో బానెట్ నడుమ, రేడియేటర్ నుంచి డ్రైవర్ ముందున్న పలక దాకా, ఒక పొడవాటి బందు వెన్నెముకగా నడిచేది. ఎడమ రేకు ఎడమకు, కుడి రేకు కుడికి విడివిడిగా మడిచి ఎత్తేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1911లో ఆర్డర్ చేసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ తరానిదే. కారు తయారై వచ్చేలోపే ఆయన కన్నుమూశారు, బండి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది. బార్కర్ సంస్థ బాడీ కట్టిన ఆ పసుపు రంగు సింహాసన కారు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఇలాంటి బానెట్లలో బందు అంటే వరుసగా చుట్టిన రేకు గొట్టాలు, వాటి గుండా దూర్చిన ఒకే ఒక సన్నటి పొడవాటి కడ్డీ. కడ్డీ తుప్పు పట్టి బిగుసుకుంటే రేకులు మడతబడవు, బలవంతం చేస్తే గొట్టాలు విచ్చుకుంటాయి. రేకు అల్యూమినియం, కడ్డీ ఉక్కు అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడిగా మారుతుంది. కడ్డీని నూనెలో నానబెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ బయటికి లాగి, అదే మందంలో కొత్తది దూర్చడమే దీనికి మరమ్మతు. రేకు అంచులు రేడియేటర్ తొడుగు మీద కూర్చునే చోట తోలు పట్టీ గానీ నేత పట్టీ గానీ ఉంటుంది. అది చిరిగిపోతే బందు ఎంత కొత్తదైనా బానెట్ గలగలమంటూనే ఉంటుంది.

1930ల నడుమ నుంచి బానెట్ ఒకే రేకుగా మారింది. వెనక అద్దం కింద బందులు, ముందు గ్రిల్ దగ్గర లాక్, మొసలి నోరు తెరుచుకున్నట్టు ముందు నుంచి పైకి లేవడం: ఈ పద్ధతే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎక్కువ కార్లలో స్థిరపడింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా ఉత్తర్‌పారాలో తయారై, 2014 దాకా బయటికి వచ్చిన హిందుస్థాన్ అంబాసిడర్‌ది ఈ తీరే. జీపుకు కూడా బందు వెనకనే, కానీ ముందు లాక్ ఉండదు. మడ్‌గార్డుల మీద రెండు పక్కలా స్ప్రింగు కొక్కేలు బానెట్‌ను కిందికి పట్టి ఉంచుతాయి. యుద్ధకాలపు విల్లీస్ జీపులో బానెట్ మీద చెక్క దిమ్మెలు రెండు కనిపిస్తాయి. ముందు అద్దాన్ని పడుకోబెట్టినప్పుడు అది ఆనుకునేది వాటి మీదే.

మన దేశంలో తయారైన పాత కార్లలో బానెట్ విషయంలో అన్నిటికంటే విచిత్రమైనది స్టాండర్డ్ హెరాల్డ్. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండ్‌లో వచ్చింది, 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ దాన్ని తయారు చేసింది. దీనిలో బానెట్ ఒక్కటే లేవదు. మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా కారు ముందు భాగమంతా ఒకే ముక్కగా ముందుకు వాలుతుంది. బందులు బంపర్ దగ్గర, కింద ఉంటాయి. పక్కన నిలబడితే ఇంజనే కాదు, ముందు చక్రాల సస్పెన్షన్ మొత్తం చేతికి అందుతుంది. 1961లో జెనీవాలో విడుదలైన జాగ్వార్ ఇ టైప్‌ది కూడా ఇదే సూత్రం. ఇలా ముందు బందులున్న కార్లకు ఒక భద్రత ఉంది. పరుగులో లాక్ ఊడినా ఎదురుగాలి బానెట్‌ను కిందికే నొక్కుతుంది. వెనక బందులున్న కారులో లాక్ ఊడితే అదే గాలి రేకును ఎత్తి అద్దానికేసి కొడుతుంది, డ్రైవర్‌కు రోడ్డు కనబడదు. ప్రధాన లాక్ వెనక రెండో కొక్కెం ఒకటి పెట్టడానికి కారణం అదే.

అమెరికన్ కార్లు ఇంకో దారి పట్టాయి. 1955 షెవర్లే, 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ లాంటి వాటిలో బానెట్ బరువైనది. దాన్ని కర్రతో నిలబెట్టే బదులు బందుకే లావాటి చుట్ట స్ప్రింగు తగిలించారు. మూసినప్పుడు స్ప్రింగు సాగి ఉంటుంది, తెరుస్తుంటే దగ్గరికి ముడుచుకుంటూ బరువును తానే ఎత్తుతుంది. ఇక మెర్సిడెస్ డబ్ల్యూ 123 తరం కార్లలో బందుకు రెండో మెట్టు ఉంది. దాన్ని విడిస్తే బానెట్ నిట్టనిలువుగా నిలుచుంటుంది, ఇంజన్ దించే పనికి రేకును విప్పాల్సిన అవసరమే రాదు. అన్ని పద్ధతుల్లోకీ మెకానిక్ మీద దయ చూపినది ఇదే.

బందు చెడిందని తెలుసుకునేందుకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. బానెట్‌ను సగం ఎత్తి, వెనక మూలను పట్టుకుని పైకీ కిందికీ, పక్కకూ ఊపాలి. పిన్ను దగ్గర టకటక కదిలితే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరిగినట్టే. మూసిన బానెట్ వెనక అంచు మడ్‌గార్డు కంటే పైకి లేచి కనబడితే బందు పూర్తిగా ముడుచుకోవడం లేదు. వెనక మూలల్లో రంగు చిట్లితే రేకు అద్దం కింది పలకను గీస్తోంది. అన్నిటికంటే చెడ్డ గుర్తు, బానెట్ మీద బందులకు కాస్త ముందు అడ్డంగా పడే మడత. బిగుసుకుపోయిన బందు తిరగనంటుంది, పైనుంచి మనిషి నొక్కుతూనే ఉంటాడు. చివరికి వంగేది రేకే. అలా వంగిన బానెట్‌ను టింకర్ సుత్తితో సరిచేసి పుట్టీ పూసినా, బందును వదిలేస్తే ఆ మడత మళ్లీ అక్కడే వస్తుంది.

ఇక్కడ పాత కార్ల యజమానులు తొందరపడి చేసే పని ఒకటుంది. పాత బందును తీసి తుక్కులో పడేసి, దొరికిన కొత్తదాన్ని బిగించడం. అమెరికన్ కార్లకు ఇప్పుడు తయారయ్యే నకలు బందులు సులువుగా దొరుకుతాయి. కానీ వాటిలో కొన్నిటి రేకు మందం తక్కువ, రంధ్రాల దూరంలో మిల్లీమీటరో రెండో తేడా. బందులో ఒక మిల్లీమీటరు తేడా బానెట్ ముందు అంచుకు చేరేసరికి కొన్ని మిల్లీమీటర్లవుతుంది. మన అంబాసిడర్‌కూ హెరాల్డ్‌కూ కొత్తవి దొరకడమే కష్టం. కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి లాంటి పాత సామాన్ల సంతల్లో వెతకాలి. అక్కడ దొరికేది ఇంకో బండి నుంచి ఊడదీసిన, అంతే అరిగిన బందు కావచ్చు. కాబట్టి విరగని, వంకర పోని బందు ఏదైనా ఉంటే దాన్ని బాగుచేయించడమే మేలు.

బాగుచేయడం లేత్ షాపు పని. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలీ చుట్టుపక్కలో, చివరికి నాందేడ్, ఆదిలాబాద్ లాంటి పట్టణాల్లోనో మంచి లేత్ మనిషి ఉంటే చాలు. పిన్ను తలను సానబట్టి అరగదీసి, పిన్నును బయటికి కొట్టి తీస్తారు. కోలగా అరిగిన రంధ్రాన్ని గుండ్రంగా పెద్దది చేసి, ఇత్తడి బుష్ కూర్చోబెడతారు. కొత్త ఉక్కు పిన్నును దానికి సరిపడా తీసి, బందు రెండు రేకుల మధ్య పలుచటి వాషరు వేసి, పిన్ను చివరను సుత్తితో కొట్టి తలగా పరుస్తారు. ఈ చివరి దెబ్బల్లోనే ఉంది నైపుణ్యమంతా. తక్కువ కొడితే వదులు, ఎక్కువ కొడితే బందు బిగుసుకుంటుంది. బాగా కుదిరిన బందు చేత్తో తిప్పితే ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఊగకుండా తిరగాలి. స్ప్రింగులున్న బందు అయితే మెరుపు కోసం స్ప్రింగులను విద్యుత్ పూతకు పంపకూడదు. ఆ ప్రక్రియలో హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చేరి దాన్ని పెళుసుగా మారుస్తుంది. పూత వేసిన వెంటనే కొలిమిలో తగినంతసేపు వేడి చేసి ఆ వాయువును వెళ్లగొట్టకపోతే స్ప్రింగు ఒకరోజు హఠాత్తుగా విరుగుతుంది.

బోల్టు మరల విషయంలోనూ జాగ్రత్త కావాలి. అంబాసిడర్, హెరాల్డ్ లాంటి బ్రిటిష్ సంతతి కార్లకు అంగుళాల లెక్కలో బోల్టులు, ఫియట్ సంతతి కార్లకు మిల్లీమీటర్ల లెక్కలో బోల్టులు. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుతో పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ మొదటిదాని సన్న మర అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.06 మిల్లీమీటర్లు, రెండోదానికి మామూలుగా 1.25. ఒకదానిలో ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, పానా వేసి బలంగా తిప్పితే బాడీ లోపల అతికించి ఉన్న నట్టు మర తెగుతుంది. ఆ నట్టు మడ్‌గార్డు లోపల, చెయ్యి దూరని చోట ఉంటుంది. పాత బోల్టులను ఒక డబ్బాలో, ఎడమవీ కుడివీ విడిగా దాచుకోవడం చిన్న పని, తప్పించే తంటా పెద్దది.

విప్పే ముందు గుర్తులు పెట్టుకోవాలి. బందు చుట్టూ సన్నటి పెన్సిల్ గీత గీయడం ఒక పద్ధతి. రంగు ఎలాగూ మళ్లీ వేసే బండి అయితే ఇంకా నమ్మకమైన పద్ధతి ఉంది. బందు రేకు, దాని వెనకున్న పలక రెండింటి గుండా మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసి పెట్టుకుంటే, తిరిగి బిగించేటప్పుడు ఆ రంధ్రంలో మేకు దూర్చగానే బందు పాత చోటికి వస్తుంది. మడ్‌గార్డుల మీద మందపాటి దుప్పటి పరచాలి, బానెట్ వెనక మూలలకు టేపు చుట్టాలి. పనికి ఇద్దరు తప్పనిసరి. ఒకరు ఎడమ వైపు, ఒకరు కుడి వైపు భుజంతో రేకును మోస్తూ, చివరి బోల్టు దాకా వదలకూడదు. ఒక్కడే చేయబోయి రేకు జారితే మొదట దెబ్బ తినేది అద్దం.

స్ప్రింగు బందుల దగ్గర మనిషికే దెబ్బ తగలవచ్చు. బానెట్ విప్పేస్తే దాన్ని కిందికి నొక్కే బరువు ఉండదు, బందు ఒక్కసారిగా పైకి తన్నుకుంటుంది, వేళ్లు మధ్యలో ఉంటే నలిగిపోతాయి. పాత మెకానిక్‌లు దీనికో ఉపాయం వాడతారు. బానెట్ దించి ఉన్నప్పుడు, అంటే స్ప్రింగు సాగి ఉన్నప్పుడు, చుట్ల మధ్య వాషర్లు దూరుస్తారు. తర్వాత బానెట్ ఎత్తితే వాషర్ల వల్ల స్ప్రింగు ముడుచుకోలేదు, పొడవుగానే ఉండి కొక్కెం నుంచి తేలిగ్గా వస్తుంది. తీసిన స్ప్రింగును ఎవరి మొహానికీ ఎదురుగా పెట్టకూడదు. స్క్రూడ్రైవర్‌తో పీకడం అసలు వద్దు.

అమరికలో వరుస ముఖ్యం. ముందుగా తలుపులు సరిగ్గా కూర్చోవాలి. తలుపులకు సరిపడేలా మడ్‌గార్డులు, మడ్‌గార్డులకు సరిపడేలా బానెట్. ఈ వరుస తిరగేస్తే ఒక చోట సరిచేసింది ఇంకో చోట చెడుతుంది. జీపు, హెరాల్డ్ లాంటి విడి ఛాసిస్ బండ్లలో ఇంకాస్త కిందికి వెళ్లాలి. బాడీకీ ఛాసిస్‌కూ మధ్య రబ్బరు దిమ్మెలు కుంగితే బాడీ ఒక పక్కకు వాలుతుంది, అప్పుడు బందును ఎంత తిప్పినా సందు సరికాదు. తప్పు బందుది కాదని గ్రహించక దాన్ని వంచి సర్దేవాళ్లు ఉన్నారు. అది బండికి చేసే అన్యాయం. తర్వాత వచ్చేవాడికి అసలు కొలత ఏదో తెలియకుండా పోతుంది.

బందుకు రెండు చోట్ల కోల రంధ్రాలు ఉంటాయి. చాలా కార్లలో బానెట్‌కు బిగించే చోట ఉన్నవి రేకును ముందుకూ వెనక్కూ జరుపుతాయి, బాడీకి బిగించే చోట ఉన్నవి వెనక అంచును పైకీ కిందికీ జరుపుతాయి. బోల్టులను వేళ్లతో బిగించగలిగినంత మాత్రమే బిగించి, బానెట్‌ను నెమ్మదిగా దించి చూడాలి. మొదటిసారి దించే ముందు లాక్ కొక్కేన్ని విప్పేయాలి. ఇది మరిచిపోయినవాళ్లు ఎందరో. కుదరని బానెట్ లాక్‌లో పడి ఇరుక్కుంటే తెరవడానికి గ్రిల్ ఊడదీయాల్సి వస్తుంది. వెనక అంచు కుదిరాక ముందు వైపు వెళ్లాలి. ముందు ఎత్తును నిర్ణయించేది బందు కాదు, రేడియేటర్ పక్కనుండే రబ్బరు బొడిపెలు. వాటిని మర తిప్పి పైకీ కిందికీ చేయవచ్చు. చివరగా లాక్‌ను తిరిగి వేసి, అది బానెట్‌ను పక్కకు లాగకుండా నిటారుగా పట్టుకునేలా సరిచేయాలి. సందు ఎంత ఉండాలన్నది బండిని బట్టి మారుతుంది. 1950, 60ల కార్లు ఫ్యాక్టరీ నుంచి కూడా ఈనాటి కార్లంత బిగుతుగా రాలేదు. నాలుగైదు మిల్లీమీటర్లు ఉన్నా, చుట్టూ సమానంగా ఉంటే అది మంచి పనే.

హెరాల్డ్‌కు ఈ వరుస తలకిందులవుతుంది. బందులు ముందు కింద ఉన్నాయి కాబట్టి అక్కడ ఒక చుట్టు తిప్పితే వెనక, తలుపు పక్కన, మార్పు చాలా కనిపిస్తుంది. అద్దం కింది పలక మీది రబ్బరు శంకువులు, పక్కనుండే రెండు కొక్కేలు కలిసి రేకును నిలబెడతాయి. శంకువులు అరిగినా, ఎండకు గట్టిపడినా ముందు భాగమంతా వణుకుతుంది. సర్ఖని లాంటి చోట ఎండలో నిలిచే హెరాల్డ్‌కు మొదట మార్చాల్సినవి ఆ రబ్బరు ముక్కలే.

బందు స్ప్రింగులనో, ఆనించే కర్రనో తీసేసి, బానెట్‌ను ఎత్తి పట్టే గ్యాస్ కడ్డీలు బిగించడం ఈమధ్య పెరిగింది. చేతికి హాయిగానే ఉంటుంది. కానీ పాత బానెట్ రేకు ఆ ఒత్తిడిని ఒకే చోట భరించేలా తయారు కాలేదు. కడ్డీ తగిలిన చోట రేకు వంగుతుంది. ఫైబర్ బానెట్ వేసి పాత ఉక్కు స్ప్రింగులనే ఉంచినా ఇదే గతి, తేలిక రేకుకు తేలిక స్ప్రింగే వేయాలి.

చట్టం వైపు నుంచి కూడా ఆలోచించాలి. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. దానికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. బోల్టు విప్పి అదే తీరు బందు బిగిస్తే అది నిర్వహణే. వేరే కారు బందు కోసం బాడీ పలకను కోసి వెల్డింగ్ చేస్తే ఆ బండి అసలు రూపాన్ని మనమే పోగొట్టినట్టు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా తన ట్యూరిన్ ప్రకటనలో చెప్పే క్రమం కూడా ఇదే తోవలో ఉంది: ముందు కాపాడటం, అది కుదరకపోతేనే పునరుద్ధరణ.

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, పిన్నులను కిరోసిన్‌తో కడిగి సన్నటి నూనె వేస్తే బందు చాలా ఏళ్లు నడుస్తుంది. దుమ్ము ప్రాంతంలో గ్రీజు కంటే నూనే మేలు, దుమ్మును తక్కువ పట్టుకుంటుంది. ఇంట్లో పాత కారో జీపో ఉన్నవాళ్లు దాన్ని టింకరింగ్‌కు ఇచ్చేటప్పుడు ఊడదీసిన బందులను, బోల్టులతో సహా, అడిగి వెనక్కి తీసుకోవాలి. కొత్తవి కుదరని రోజున వాటి కొలతలే దిక్కు.